మోకాలి కింద మెత్త

మొన్న సుబేదారిలోని మా ఆఫీసులో నేను ఒక మంచి మనిషి మీద గొంతు చించుకుని అరిచాను. ఆమె చేసిన నేరమేమీ లేదు. మా సెక్షన్‌లోని ఒకాయన ఆదివారం క్రికెట్ ఆడి మోకాలు మెలిపెట్టుకుని, సోమవారం కుంటుకుంటూ వచ్చాడు. అందరూ చేరి కూర్చోబెట్టారు, కాలు చాపుకోవడానికి ఎదురుగా ఇంకో కుర్చీ వేశారు, అయ్యో పాపం అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. ఈమె మాత్రం ఊరుకోకుండా వెళ్ళి సూపరింటెండెంటు గారి కుర్చీలోంచి మెత్త పట్టుకొచ్చి, వంగి, ఎంతో ప్రేమగా అతని మోకాలి కింద పెట్టింది. దిండును మా వైపు మెత్త అంటాం. దాన్ని అక్కడ చూడగానే నాకు తల తిరిగింది. "తియ్యున్రి! ముందుగాల గా మెత్త తియ్యున్రి!" అని అరిచాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరువాత టీ తెప్పించి, తప్పయిందని చెప్పి ఎలాగో సర్దుకున్నాను కానీ, ఒక మెత్త మీద నాకు ఇంత కోపం ఎందుకో చెప్పాలంటే టీ తాగేంత సేపు చాలదు.

మాది దూది ఏకే ఇల్లు. తాతల కాలం నుంచీ పరుపులు, బొంతలు, మెత్తలు కుట్టడమే మా వాళ్ళ పని. మా ఇళ్ళలో నమాజు అరబ్బీలో, తిట్లు ఉర్దూలో, మిగిలిన బతుకంతా తెలుగులో సాగుతుంది. నేను చదువుకుని సర్కారు నౌకరీలో పడ్డాను కానీ, మా మేనమామ ఇప్పటికీ మండీబజార్ వెనక గల్లీలో పరుపుల దుకాణం నడుపుతున్నాడు. దూది ఇంట్లో పుట్టినవాళ్ళకు ఒక గట్టి నమ్మకం ఉంటుంది, లోకంలో మెత్తతో తీరని బాధ లేదని. తలనొప్పికి తల కింద మెత్త, నడుము నొప్పికి నడుము వెనక మెత్త, బాలింతకు రెండు పక్కలా రెండు మెత్తలు. పరీక్ష తప్పినవాడికి కూడా తిట్లకంటే ముందు ఒక మెత్త ఇచ్చి కాసేపు పండుకొమ్మనేవారు. మా అమ్మమ్మ అయితే ఇంటికి చుట్టం రాగానే మంచినీళ్ళకంటే ముందు మెత్త అందించేది. అవి ఇప్పటి స్పాంజి సరుకు కాదు. బూరుగు దూదిలోంచి గింజలు చేత్తో ఏరి, ఎండలో పొంగనిచ్చి, ఆ తరువాత నింపినవి. ముఖం ఆనిస్తే ఎండ వాసన వచ్చేది. అంత మంచి వస్తువు ఎవరికైనా కీడు చేస్తుందని మా ఇంటావంటా ఎవరూ అనుకోలేదు.

నా సంగతికి వస్తాను. రెండేళ్ళ కింద నాకు యాభై ఒకటి. ఆ వయసులో నేను వాలీబాల్ నెట్ దగ్గర ఎగిరి బంతి కొట్టాల్సిన అవసరం ఈ దేశంలో ఎవరికీ లేదు, నాకు తప్ప. ఆదివారం పొద్దున మా గ్రౌండులో నేను షూటర్‌ని. లిఫ్టర్ బంతిని నెట్ పక్కన నిలబెడితే ఎగిరి అవతల పాతేయడం నా పని. ఆ రోజు అవతలి జట్టులో అందరూ నా వయసులో సగం ఉన్నవాళ్ళు. వాళ్ళ ముందు తగ్గకూడదని నా పట్టుదల. ఎగిరాను, కొట్టాను, పాయింటు కూడా వచ్చింది. దిగేటప్పుడు మాత్రం పాదం ఒక దిక్కు తిరిగింది, నేను ఇంకో దిక్కు తిరిగాను. మోకాల్లో టప్పుమని చప్పుడు. కింద పడ్డ మనిషిని ఏం చేయాలో మన గ్రౌండుల్లో తెలియనివాడు ఉండడు. ఒకాయన కాలు పట్టి గుంజాడు. ఒకాయన స్ప్రే కొట్టాడు. ఇంకొకాయన లేచి నాలుగడుగులు వేస్తే అదే సెట్ అవుతుందన్నాడు. వేశాను. మళ్ళీ పడ్డాను. స్కానింగులో లిగమెంటు తెగిందని తేలింది. ఆపరేషన్ చేసి కొత్తది అతికించి, ఇంటికి పంపేటప్పుడు చేతికి ఒక కాగితం ఇచ్చారు. రెండో రోజు నుంచే వ్యాయామం మొదలుపెట్టాలని, కాలు నిటారుగా చాపి ఉంచాలని, మోకాలి కింద దిండు పెట్టకూడదని అందులో ఇంగ్లీషులో శుభ్రంగా రాసి ఉంది. ఆఫీసులో ఎవరు రాసిన కాగితానికైనా కొర్రీ పెట్టకుండా వదలని నేను, నా కాలి కాగితాన్ని మాత్రం చదవలేదు. మా ఇంటామె దాన్ని స్కానింగు ఫోటోల కవరులో పెట్టి బీరువాలో భద్రం చేసింది.

ఇంటికి వచ్చిన మరునాటి నుంచి పలకరించడానికి జనం మొదలయ్యారు. మా బంధువుల్లో రోగిని చూడటానికి వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోరు. ఏదో ఒక సాయం చేస్తే తప్ప వాళ్ళకు టీ దిగదు. చేయగలిగిన సాయం ఒక్కటే, మెత్త సర్దడం. ఒకరు మోకాలి కింద ఒకటి పెడతారు, తరువాత వచ్చినవాళ్ళు అది పల్చగా ఉందని రెండోది పెడతారు, ఆ తరువాతి వాళ్ళు రెండూ తీసి మూడోది పెడతారు. పొద్దుగూకేసరికి నా కాలు చిన్న గుట్ట మీద ఉండేది. ఈ గొడవంతా చూసి మామ ఒక్క పూటలో నా మోకాలి కొలతకు సరిపోయేట్టు ప్రత్యేకంగా ఒక మెత్త కుట్టి తెచ్చాడు. గుండ్రంగా, పసిపిల్లాడి పొట్టలా ఉంది. మోకాలి కింద దాన్ని పెట్టగానే నొప్పి సగం తగ్గింది. వాచిన మోకాలు కొంచెం వంగి ఉంటేనే దానికి సుఖం. "ఫికర్ చేయకు అల్లుడా," అన్నాడు మామ. "కాలు కింద వెట్టకు. నన్ను మా అమ్మ ఆర్నెల్లు మంచం దింపలే." ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో మామ కబడ్డి ఆడుతూ మోకాలు విరుచుకున్నాడు. అమ్మమ్మ ఆరు నెలలపాటు అతని కాలు నేలకు తగలనివ్వకుండా, అన్నం కూడా కలిపి నోట్లో పెట్టి సాకింది. అయినా ఆ కాలు సరిగా రాలేదు. పూర్తిగా చాచలేడు, పూర్తిగా మడవలేడు. మునివేళ్ళ మీద కాలు ఎగరేసినట్టు నడుస్తాడు. పరుపులు స్టూలు మీద కూర్చుని కుడతాడు, నమాజు కుర్చీలో కూర్చుని చదువుతాడు. ఆట మహా చెడ్డదని, తల్లి ప్రేమ మహా గొప్పదని చెప్పడానికి మా ఇంట్లో మామ కాలినే చూపించేవారు.

ఫిజియోథెరపీ అమ్మాయి నా ఇంటి గడప తొక్కేసరికి మూడు వారాలు దాటాయి. కుట్లు మానాలి, వాపు దిగాలి, మంచి రోజు రావాలి అని మేమే వాయిదా వేశాం. ఆ అమ్మాయిది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. పొద్దుటి రైలెక్కి వచ్చి, ఊళ్ళో నలుగురైదుగురు రోగులను చూసుకుని తిరిగి వెళ్ళేది. పాతికేళ్ళకు మించి ఉండవు. లోపలికి వచ్చి, నాకు నమస్కారం పెట్టి, నా మోకాలి కిందికి చూసి అక్కడే ఆగిపోయింది. "ఎవలు వెట్టిన్రు అంకుల్ ఇది?" అంది. నేను గర్వంగా మా మామ కుట్టాడని చెప్పాను. ఆమె మెత్తను రెండు వేళ్ళతో పట్టి తీసి బీరువా మీదికి విసిరింది. తరువాత రెండు రెక్కల ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసి నా మోకాలి పక్కన ఆనించి చూసి, కాలు పదిహేను డిగ్రీలు వంకరలో బిగుసుకుపోతున్నదని చెప్పింది. వంగడం మెల్లగానైనా వస్తుందట, చాచడం మాత్రం ఈ మూడు నెలల్లో రాకపోతే తరువాత మనం అడిగినా రాదట. "గిట్లనే మెత్త మీద పండవెడితే ఇగ జన్మల సక్కగ గాదు అంకుల్. కింద కూసునుడు మర్చిపోవుడే." కింద కూర్చోవడం అనగానే నాకు నమాజు గుర్తుకొచ్చింది, మామ కుర్చీ గుర్తుకొచ్చింది.

ఆ తరువాత నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. తువ్వాలును చుట్టగా చుట్టి మడమ కింద పెట్టేది, మోకాలి కింద కాదు. అప్పుడు మోకాలు గాల్లో వేలాడుతుంది. దాన్ని మంచం వైపు కిందికి నొక్కాలి. నా బలం చాలకపోతే ఆమె రెండు చేతులూ తొడ మీద పెట్టి నొక్కేది. "నొప్పి అయితాందా అంకుల్?" "అయితాంది." "కానీయున్రి. ముప్పై లెక్కవెట్టున్రి." నేను వేగంగా లెక్కపెడితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టించేది. రోజుకు మూడుసార్లు నా అంతట నేను చేయాలని చెప్పి వెళ్ళేది. ఒకసారి చేసి మూడుసార్లు చేశానని చెప్పేవాణ్ణి. మరునాడు ఆ ప్లాస్టిక్ స్కేలు నా అబద్ధాన్ని ఉన్నదున్నట్టు బయటపెట్టేది. ఇక మా ఇంటివాళ్ళ సంగతి. పొద్దున ఆ అమ్మాయి బీరువా మీదికి ఎక్కించిన మెత్త మధ్యాహ్నానికి నా మోకాలి కిందికి దిగి ఉండేది. "మూల్గుతాండ్లు, నేను సూడలేక వెట్టిన," అనేది మా ఇంటామె. ఆమెను వద్దంటే మా అక్క పెట్టేది, అక్కను వద్దంటే పక్కింటి పెద్దావిడ పెట్టేది. నేను నిద్రపోతే చాలు, మెత్త దొంగలా వచ్చి చేరేది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత మా ఇంట్లో అందరికీ వచ్చు, మందు వేసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. ఒక్కటి ఒప్పుకోవాలి. నొప్పి ఎక్కువైన రోజుల్లో ఆ మెత్త ఇమ్మని అడిగింది నేనే. అందరికంటే ఎక్కువ విసిగించింది నన్ను నేనే.

ఆరో వారం కర్ర పట్టుకుని శుక్రవారం జుమ్మా నమాజుకు వెళ్ళాను. వెనక వరుసలో కుర్చీలు ఉంటాయి. మోకాళ్ళు అరిగిన ముసలివాళ్ళు ఏడెనిమిది మంది అక్కడ కూర్చుంటారు. మామ తన పక్కన నాకోసం ఒక కుర్చీకి, బస్సులో సీటుకు వేసినట్టు, రుమాలు వేసి ఉంచాడు. నన్ను చూసి వాళ్ళందరి ముఖాలూ వెలిగాయి. కొత్త కోడలు వచ్చినట్టు జరిగి చోటిచ్చారు. ఒక పెద్దాయన నా భుజం తట్టి, ఇక్కడ గాలి బాగా వస్తుందని, వేసవిలో ఇదే మంచి జాగా అని చెప్పాడు. మామ ముఖంలో సంతోషం దాచుకోలేనంత ఉంది. ఇన్నేళ్ళకు తన ఇంటి మనిషి పక్కన వచ్చి కూర్చున్నాడు. ముందున్న వరుసలన్నీ సజ్దాకు నేల మీద వాలాయి. మా వరుస మాత్రం కుర్చీల్లోంచి కాస్త ముందుకు వంగింది. నా నుదురు గాల్లోనే ఆగిపోయింది. అంతవరకు నేను నమాజును ఎంత శ్రద్ధగా చేశానో అల్లాకే తెలుసు, కానీ ఆ రోజు నేల తగలకపోయేసరికి ఏడుపొచ్చింది. పక్కకు చూస్తే మామ కళ్ళు మూసుకుని ప్రశాంతంగా వంగి ఉన్నాడు. ఆ ప్రశాంతత చూసి నాకు ఇంకా భయం వేసింది. అలవాటైపోతే నాకూ అలాగే ఉంటుంది.

ఆ రోజు నుంచి నిజంగా మూడుసార్లు చేయడం మొదలుపెట్టాను. పదిహేను డిగ్రీలు ఎనిమిదికి దిగాయి. నా విజయానికి ఇంట్లో సేమియా పాయసం కూడా వండారు. ఆ పాయసం తినడానికి వచ్చిన మామ, నేను తిని నిద్రపోగానే, పాపం బిడ్డ అలిసిపోయాడని బీరువా మీది మెత్త దించి మోకాలి కింద పెట్టి, తాను పక్కనే కాపలా కూర్చున్నాడు. మూడు గంటలు పడుకున్నాను. లేచేసరికి కాలు కొయ్యబారింది. ఆ తరువాత మూడు రోజులు కూడా, నేను వద్దంటున్నా, నిద్రపట్టగానే అదే పని చేశాడు. ఇంట్లో పొలం పనులుండి ఆ రోజుల్లో రాని ఆ అమ్మాయి నాలుగో రోజు స్కేలు పెడితే మళ్ళీ పన్నెండు. ఆమె సంచి కింద పడేసి మామ వైపు తిరిగింది. "ఏంది తాతా! నేను ఇంత కష్టవడి తీసింది నువ్వు మళ్ళ వెడితివి!" మామకు పౌరుషం వచ్చింది. మెత్తల సంగతి నిన్న మొన్న పుట్టిన పిల్ల దూది ఇంటివాళ్ళకు చెప్పాలా అన్నాడు. తన కాలి కథ ఎత్తుకున్నాడు. ఆరు నెలలు, మంచం, నోట్లో పెట్టిన అన్నం, ఏదీ వదలలేదు. ఆమె వింటూ అతని కాలి వైపే చూస్తున్నది. అంతా అయ్యాక మెల్లగా అడిగింది, "తాతా, మీ అమ్మ మెత్త ఏడ వెట్టేది?" మామ వంగిన మోకాలి వెనక అరచేత్తో చరిచి, "గిక్కడ! ఒక్క పూట గూడ తప్పలే," అన్నాడు.

ఆ అమ్మాయి తల వంచుకుని సంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. పాతికేళ్ళ పిల్లకు ఎక్కడ ఆగాలో తెలిసింది. యాభై ఒక్క ఏళ్ళవాడికి తెలియలేదు. ఎనిమిది మళ్ళీ పన్నెండు అయిన కోపంలో ఉన్నాను. "ఇంకా సమజ్ గాలేదా మామా! నీ కాలు వోయింది కబడ్డితోని కాదు, గా మెత్తతోని! అమ్మమ్మనే చేసింది! ఇప్పుడు నువ్వు నన్ను గూడ గట్లనే చేత్తానవ్!" అనేశాను. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను. మామ నన్ను కాదు, తన మోకాలిని చూసుకున్నాడు, అది వేరెవరిదో అయినట్టు. కప్పులో మిగిలిన టీ తాగాడు, కప్పు కింద పెట్టాడు, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతుంటే ఆ ఎగరేసే అడుగు చప్పుడు చివరిదాకా వినపడింది.

పది రోజులు మామ రాలేదు. ఫోన్ చేస్తే గిరాకీ ఉందని పెట్టేసేవాడు. ఆ రోజు తరువాత ఇంట్లో ఇంకెవరూ మెత్త ముట్టుకోలేదు కాబట్టి నా కాలు బాగా సాగింది, ఐదుకు వచ్చింది. ఆ అమ్మాయి మెచ్చుకుంది. నాకు మాత్రం ఒక్క ముద్ద సహించలేదు. పదకొండో రోజు మా ఇంటామెను తోడు తీసుకుని ఆటోలో దుకాణానికి వెళ్ళాను. మామ స్టూలు మీద కూర్చుని దబ్బనంతో పరుపు అంచు కుడుతున్నాడు. కనుబొమల మీద, మీసం మీద దూది నూగు. తప్పయింది మామా అన్నాను. తల ఎత్తలేదు. ఒక అంచు మొత్తం కుట్టాడు. దారం కొరికి అప్పుడన్నాడు. "మా అమ్మ సచ్చేదాక ఒకటే ఏడ్చేది అల్లుడా. నేనే నిన్ను ఆటకు తోలిన, నేనే నీ కాలు వోగొట్టిన అని. ఆ పొద్దు నాకు కొత్త చెడ్డీ కుట్టిచ్చి పంపింది ఆమెనే." దబ్బనం పరుపులో గుచ్చి పెట్టాడు. "మంచిగైంది. ఆటకు తోలిన అనుకుంటనే వోయింది. ఆర్నెల్లు చేసిన సేవనే కాలు తీసిందని ఎరుకైతే ఎట్ల బతుకు?" మా ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామే మళ్ళీ, నా వైపు చూడకుండా, "గా పిల్లను అడుగు జర. నాది ఏమన్న సాగుతదా?" అన్నాడు.

మరునాడే ఆ అమ్మాయి దుకాణానికి వచ్చింది. చాలాసేపు చూసింది, ఎక్స్‌రే తీయించి మళ్ళీ చూసింది. ఆశ పెట్టలేదు. నలభై ఏడేళ్ళ వంకర, లోపల అంతా బిగుసుకుపోయింది, కింద కూర్చోవడం ఇక కుదరదని చెప్పింది. జరంత సాగుతుందని, మడమ నేలకు కొంచెం దగ్గరవుతుందని అంది. జరంత అంటే ఎంత అని మామ అడిగితే చూపుడువేలు, మధ్యవేలు కలిపి వాటి మందం చూపించింది. "గంతన్న రానీ," అన్నాడు. అప్పటి నుంచీ అతను దుకాణంలో బల్ల మీద కాలు చాపి, మడమ కింద తాను కుట్టుకున్న చిన్న దూది చుట్ట పెట్టుకుని, గిరాకీ వచ్చినా లేవకుండా ముప్పై లెక్కపెడుతున్నాడు. నేను ఏడో నెలలో నేల మీద కూర్చుని సజ్దా చేశాను. నుదురు చాపకు తగిలినప్పుడు కలిగింది ఏడుపో సంతోషమో నాకు తెలియలేదు. మామ వెనక కుర్చీల వరుసలోనే ఉన్నాడు. అక్కడే ఉంటాడు.

మొన్న మా ఇంటి పెళ్ళిలో ఎవరో కొత్త చుట్టాలు మామ కాలు చూసి ఏమైందని అడిగారు. మామ కుర్చీ ముందుకు జరుపుకుని, అదే కథ అదే గొంతుతో చెప్పాడు. కబడ్డి, దాని మూలాన విరిగిన మోకాలు, ఆరు నెలలు కాలు నేలకు తగలనివ్వని తల్లి. చెబుతూ చెబుతూ ఒక్కసారి నా వైపు చూశాడు, నేను నోరు మూసుకుని ఉన్నానా లేదా అని. మూసుకునే ఉన్నాను. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ కాలం, మెత్తే కాలు తీసిందన్న మాటను బయటపెట్టకుండా ఓపిగ్గా దాచింది. రెండు నెలలు మంచంలో పడుకున్నందుకే నేను దాన్ని మామ ముఖాన అనకుండా ఆగలేకపోయాను.